కొలతల పుస్తకంలో నా పేజీ

నూట పద్ధెనిమిది కిలోలప్పుడు
నా మోకాళ్ళెందుకు నొప్పెడుతున్నాయో ఊరందరికీ తెలుసు.
ముఖం చూడకముందే నడుం చూసి చెప్పేసేవారు.
ఇప్పుడు డెబ్భై ఒకటి.
నొప్పి ఉంది, కారణమే ఎవరి దగ్గరా లేదు.

జ్ఞానాపురంలో ముప్ఫయ్యేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను.
కొలతల పుస్తకంలో నాకూ ఒక పేజీ ఉంది.
ఛాతీ నలభై ఎనిమిది,
కొట్టేసి నలభై రెండు,
కొట్టేసి ముప్ఫయ్యారు.
పొట్టకి కుట్లేయించుకొచ్చిన ఏడాది
నా జాకెట్లే నాలుగుసార్లు విప్పి కుట్టుకున్నాను.
దారపుండల వంకతో వచ్చి ఆడవాళ్ళు
నా చుట్టూ తిరిగి చూసి పోయేవారు.
"ఒలే పిలోమినా, మిగతా సగం ఏటైపోనాదే?"
చేపల దాలమ్మ బుగ్గలు నొక్కుకుంది.
ఆ మాటలు తిని కడుపు నిండి
మాత్రలు మానేశాను.
బాగానే ఉన్నాను కదా, నెలకి రెండువేలు దండగ అని.

మొదట జుట్టు,
బాబిన్‌కి చుట్టొచ్చు, అంత.
తర్వాత వేళ్ళు.
సూది గుచ్చుకున్న సంగతి
గుడ్డ మీద నెత్తురు చూశాక తెలిసేది.
ఆ తర్వాత చీలమండలు, తుంటి, మోకాళ్ళు.
మిషను తొక్కుతుంటే ఎముక లోపల ఎవరో
తుప్పు కత్తెర తెరుస్తూ మూస్తూ.

డాక్టరమ్మ చీటీ వెనక పేగు గీసింది.
"మీ అన్నం ఇప్పుడు
ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కి పోతోందమ్మా.
ఇనుము, కాల్షియం, బి పన్నెండు
దిగాల్సిన స్టాపులన్నీ కింద పాత రోడ్డులో ఉండిపోయాయి.
అందుకే మాత్రలు బతికున్నన్నాళ్ళూ అని చెప్పాను."
చెప్పింది, నిజమే.
ఆ రోజు నాకు త్రాసు ముల్లు చప్పుడొక్కటే వినబడింది.

గుడ్డ చాలకపోతే నేను
లోపలి మడత విప్పి సర్దుతాను.
నా ఒళ్ళూ అదే పని నేర్చుకుంది.
నాకు చెప్పకుండా
ఎముకల్లో మడతలు విప్పుకుంటూ వచ్చింది.

ఇనుము తక్కువంటే నవ్వొచ్చింది.
పోర్టు గాలికి లేచే ఎర్రధూళి
మా కిటికీ రెక్కల మీద వేలితో పేరు రాసుకునేంత.
ఉతికిన తెల్ల లంగా సాయంత్రానికి ఇటుకరంగు.
పుట్టిందగ్గర్నుంచీ ఖనిజం పీల్చినదాన్ని,
నెత్తుట్లో ఏడు దగ్గర ఆగిపోయిందట.
ఎండ కూడా తక్కువేనట!
సముద్రానికే చెమటపట్టే ఈ ఊళ్ళో,
ట్యూబులైటు కింద నా ముప్ఫయ్యేళ్ళని
ఎవరూ పొద్దుగా లెక్కెయ్యలేదు.

ఆపరేషన్ తప్పా అని అడుగుతారు.
షుగరు మాత్ర మానింది.
స్టేషను మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కిన రోజొకటుంది,
దాన్ని ఎవరికీ ఇవ్వను.
కానీ తేలికైతే నొప్పి దిగిపోతుందనుకున్నాను.
అది నా బరువులో లేదు.

ఇప్పుడు పొద్దున్నే నిమ్మనీళ్ళతో ఇనుము,
మధ్యాహ్నం కాల్షియం.
రెండూ ఒకే పూట ఇమడవు, తోడికోడళ్ళు.
పదకొండింటికి డాబా ఎక్కి
చీర మోకాళ్ళ పైకి లాగి కూర్చుంటే
కిందనుంచి దాలమ్మ కేక:
"సిగ్గు నేదేటే!"
అంటూనే ఎండు నెత్తళ్ళు పొట్లం పైకి విసురుతుంది.
"ముళ్ళతో నవులు, బలం."
నాలుగు నములుతాను.
ఐదోదానికి కడుపులో చోటు లేదు.

నిన్న రాత్రి పుస్తకం తెరిచి
మోకాలికి టేపు చుట్టాను.
పదిహేను అంగుళాలు. దాంతో ఏం తెలుస్తుంది.
ముప్ఫయ్యారు కింద
ల్యాబు కాగితం చూసి రాశాను,
డి తొమ్మిది.
పక్కన, కొట్టేసి రాయడానికి,
రెండు వేళ్ళ చోటు వదిలాను.